ఒలికిన ఖాళీ కప్పు

అమ్మమ్మకి తన మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే: ఆయన అబద్ధం ఆడరు. ఆడకపోతే పోనీ, ఎదుటివాళ్లనీ ఆడనివ్వరు. సర్వీసంతా తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా తిరిగి, కొట్లవాళ్లు తక్కెడల అడుగున దాచి అంటించిన మైనం ముద్దలు ఊడబెరికిన మనిషి. రిటైరయ్యాక తనిఖీ చెయ్యడానికి పాపం ఇంట్లోవాళ్లే మిగిలారు.

ఆ మధ్యాహ్నం ఇంటికి కావలసింది నిశ్శబ్దం. కూతురు ఆసుపత్రిలో నర్సు. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చి పక్కగదిలో ఒరిగింది. ఈ రాత్రి మళ్లీ వెళ్లాలి. నిన్న పగలు తన రెండేళ్ల కూతురు చిట్టి గోలకి కునుకు పట్టక, పొద్దున బస్సులో నిలబడే నిద్రపోయి దిగాల్సిన స్టాపు దాటిపోయిందట.

అందుకని అమ్మమ్మ వంటింట్లో దుప్పటి పరిచి టీకొట్టు పెట్టించింది. చిట్టే యజమాని. బొమ్మ కప్పులు, మూతపోయిన కెటిలు, చిల్లరకి చొక్కా గుండీలు. పక్కనే చేతిరుమాలు కప్పుకుని గుడ్డ ఎలుగుబంటి పడుకుంది. అది లేవకూడదు కాబట్టి కొట్టుకొచ్చిన వాళ్లెవరైనా గుసగుసగానే మాట్లాడాలి. "అరవకే" అంటే ఇంకా అరిచే పిల్ల, "ఎలుగు లేస్తుందే" అంటే ఊపిరి కూడా బిగబడుతుంది.

బేరం జోరుగా సాగుతుండగా తాతగారు వచ్చి పీట మీద కూర్చున్నారు. చిట్టి రెండు చేతులా కప్పు పట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ తెచ్చింది.

"తాతా, టీ. కాలుతుంది."

ఆయన కళ్లజోడు సవరించుకుని లోపలికి చూశారు. "ఇందులో ఏమీ లేదే?"

"తాగండి మహానుభావా," అమ్మమ్మ పళ్లబిగువున గొణిగింది.

"లేనిది ఎలా తాగను? పసిదానికి ఇప్పట్నుంచే దొంగకొలతలు నేర్పుతావా? ఇదిగో చూడమ్మా..." అంటూ కప్పు బోర్లించి చూపించారు.

చిట్టి కప్పుకేసి చూడలేదు. నేలకేసి చూసింది. కింది పెదవి బయటికొచ్చింది.

"ఒలికిపోయింది..."

ఆ పెదవి తర్వాత ఏమొస్తుందో ఇంటిల్లిపాదికీ తెలుసు. అమ్మమ్మ పక్కగది తలుపు వైపు చూసింది. నేలగుడ్డ తీసి ఆయన ఒళ్లో పడేసింది.

"దీంతో ఏం చెయ్యను?"

"ఒలకబోసిన వాళ్లు ఏం చేస్తారు?"

తాతగారు మోకాళ్ల మీద వంగి పొడినేల తుడవడం మొదలెట్టారు. చిట్టి పెదవి సగంలో ఆగింది. చేతులు వెనక్కి కట్టుకుని ఆయన చుట్టూ తిరిగింది, అచ్చం ఆయనలాగే.

"అక్కడ ఇంకా ఉంది."

తుడిచారు.

"పీట కింద."

తుడిచారు.

"తాత కాలి కింద."

కాలెత్తి మరీ తుడిచారు.

"కొట్లవాళ్ల ఉసురు ఇన్నాళ్లకి తగిలింది," అంది అమ్మమ్మ, గుసగుసగానే.

పక్కగదిలోంచి సన్నని గురక వినిపించింది. చిట్టి మరో కప్పు నింపి తెచ్చింది కానీ, చేతికివ్వకుండా దూరంగా పట్టుకుని నిలబడింది. ఈ మనిషిని నమ్మొచ్చా అన్నట్టు.

తాతగారు ఎలుగుబంటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు.

"తప్పు నాదేనమ్మా. కప్పు నిండుగానే ఉంది. నేనే సరిగ్గా చూడలేదు."