తెల్లకోటు జేబులో పట్టేది

రెండోసారి తుపాకి గురిపెట్టినవాడు వసుమతిని "మేమ్" అని మర్యాదగా పిలిచాడు. తర్వాత ఎన్ని రోజులు గడిచినా, ఆ మర్యాద గుర్తొస్తే ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

అది 1988 మార్చిలో ఒక ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటలు. టాంపాకి ఇరవై మైళ్ళ దూరంలో ఒక చిన్న ఊళ్ళో, పెద్ద కంపెనీ వాళ్ళ మందుల షాపులో ఆమె ఫార్మసిస్టు. ముందు వైపు షాంపూలు, గ్రీటింగ్ కార్డులు, బీచ్ కుర్చీలు అమ్ముతారు. వెనక గోడ వారగా మందుల కౌంటర్. ఏడాది కిందటి దాకా ఆదివారాలు ఆమెకు సాయంగా ఒక అమ్మాయి ఉండేది. ఆదివారం జనం తక్కువని కంపెనీ ఆ అమ్మాయిని మాన్పించింది. అప్పటి నుంచి ఆ కౌంటర్ వెనక వసుమతి ఒక్కతే.

టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు ప్రిస్క్రిప్షన్ కాగితం ఇస్తున్నట్టే చేయి చాపాడు. చేతిలో ఉన్నది కాగితం కాదు. తాళం బీరువాలో ఉండే, మత్తునిచ్చే నొప్పి మాత్రలన్నీ సంచిలో వేయమన్నాడు. వేసింది. "థాంక్యూ, మేమ్" అని, తొందరేమీ లేకుండా నడిచి వెళ్ళాడు. ముందువైపు గల్లా దగ్గరున్న అమ్మాయికి ఏం జరిగిందో కూడా తెలియలేదు. డిసెంబరులో వచ్చినవాడు వేరు. వాడు బూతులు తిట్టాడు. అంతే తేడా.

పోలీసులు వచ్చి రాసుకుని వెళ్ళాక స్టోర్ మేనేజర్ డగ్ ఆమె దగ్గరకు వచ్చాడు. ఎర్రగా, లావుగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి.

"డిసెంబరులోనే అడిగాను, డగ్. కౌంటర్‌కి అద్దం పెట్టించండి, ఆదివారం ఇంకో మనిషిని ఇవ్వండి అని" అంది వసుమతి.

"పైవాళ్ళకి చెప్పాను, వాస్. ఈ ఏడాదికి కుదరదన్నారు." ఆమె పేరు పూర్తిగా పలకడం అతనికి ఎప్పుడూ రాలేదు, ప్రయత్నించనూ లేదు. "నన్నడిగితే నువ్వే ఒక చిన్న గన్ కొనుక్కో. కిందటి అక్టోబరులో కొత్త చట్టం వచ్చిందిగా, దాచి పెట్టుకు తిరిగే లైసెన్సు ఇప్పుడు ఎవరికైనా ఇస్తున్నారు. మా ఆవిడ పర్సులో పెట్టుకుంటుంది. నీ తెల్లకోటు జేబులో పట్టేది ఏదైనా చూసుకో."

దగ్గుకి ఏ బిళ్ళ చప్పరించాలో చెప్పినట్టు చెప్పాడు. ఆ క్షణంలో ఆమెకు కోపం రాలేదు. భయం అంత పెద్దదిగా ఉన్నప్పుడు కోపానికి చోటుండదు. నిజమే కాబోలు అనుకుంది.

వాల్తేరులో ఫార్మసీ చదివి, పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చి, ఒళ్ళో చంటిపిల్లతో మళ్ళీ పరీక్షలన్నీ రాసి పాసైన మనిషి ఆమె. నలభై మూడేళ్ళ జీవితంలో తుపాకిని చేత్తో ముట్టుకోలేదు. భర్త కృష్ణమోహన్ కౌంటీలో రోడ్ల ఇంజినీరు. డగ్ ఇచ్చిన సలహా ఆమె అతనికి చెప్పింది.

"ఉద్యోగం మానెయ్ వసూ. నా జీతం చాలదా?" అన్నాడు.

"ఎవడో వచ్చి గన్ చూపిస్తే నేనెందుకు మానాలండీ?"

పదిహేనేళ్ళ కూతురు రేణు సోఫాలోంచి లేచింది. "అమ్మా, ఆర్ యూ సీరియస్? నువ్వు గన్ కొంటావా? నువ్వు బొద్దింకని కూడా చంపవు."

"బొద్దింక నా మీదకి గన్ పట్టుకు రాలేదే" అంది వసుమతి.

శనివారం మొగుడూ పెళ్ళాం కలిసి గన్ షాపుకి వెళ్ళారు. అద్దాల బల్ల వెనక ఉన్న సేల్స్‌మన్ ఆమె వైపు చూసి చిరునవ్వు నవ్వి, కృష్ణమోహన్‌తో మాట్లాడటం మొదలుపెట్టాడు. "మీ ఆవిడకా? ఆడవాళ్ళకి సరిగ్గా సరిపోయేది నా దగ్గరుంది." అరచేతిలో ఇమిడిపోయే పిస్టల్ ఒకటి తీసి మఖమల్ గుడ్డ మీద పెట్టాడు. పిడి ముత్యపు చిప్పలా తళతళలాడుతోంది.

"చూశావా, ఎంత ముద్దుగా ఉందో" అన్నాడు కృష్ణమోహన్.

"నాకు చూపించండి" అంది వసుమతి ఇంగ్లీషులో. సేల్స్‌మన్ దాన్ని కృష్ణమోహన్ చేతిలో పెట్టాడు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి భార్యకు ఇచ్చాడు.

పైభాగాన్ని వెనక్కి లాగితే గాని మొదటి తూటా లోపలికి ఎక్కదట. లాగింది. రాలేదు. పదిహేనేళ్ళుగా సీసా మూతలు తిప్పీ తిప్పీ ఆమె కుడి బొటనవేలి కణుపు వాచి ఉంటుంది. మళ్ళీ లాగింది. జారింది.

"అది సార్ చేసి పెడతారు. ముందే లోడ్ చేసి ఇస్తే మీరు పర్సులో వేసుకోవడమే" అన్నాడు సేల్స్‌మన్.

"ఆదివారం మధ్యాహ్నం షాపులో సార్ ఉండరు. ఇది పేలకుండా ఆగిపోతే ఏం చేయాలి? ఎన్ని తూటాలు పడతాయి? ఒకటి తగిలితే ఎదుటివాడు ఆగుతాడా?"

అతను కృష్ణమోహన్ వైపు తిరిగి కన్ను గీటాడు. "ఆడవాళ్ళు సాధారణంగా రంగు అడుగుతారు."

పిస్టల్‌ని గుడ్డ మీద పెట్టి వసుమతి బయటికి నడిచింది. కారులో కృష్ణమోహన్ ఏదో అనబోయాడు.

"మీరేం మాట్లాడకండి. చచ్చేది నేను. లైసెన్సు నా పేరున. వేలు నాది. వాడు బేరం ఆడుతున్నది మీతో! మీరు దాన్ని ముద్దుగా ఉందంటారు!"

ఇంటి ముందు కారు ఆపాక, "నిజమే, తప్పు నాదే" అన్నాడు.

లైసెన్సుకి క్లాసు తప్పనిసరి. ఆ క్లాసు చెప్పే మనిషి రూత్. షెరిఫ్ ఆఫీసులో పోలీసుగా పాతికేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి, అరవై దాటాయి, పొట్టి జుట్టు, గట్టి గొంతు. ఆమె తన పెట్టెలోంచి నాలుగు రకాల గన్‌లు తీసి బల్ల మీద వరసగా పెట్టింది. అమ్మడానికి కాదు, కాల్చి చూడటానికి.

"చిన్నదైన కొద్దీ దాచుకోవడం తేలిక, కాల్చడం కష్టం. మొదటి సంగతి షాపువాడు చెబుతాడు. రెండోది నేను చెబుతాను" అంది రూత్.

అది ఎంత నిజమో వసుమతికి ఆ పూటే తెలిసింది. అన్నిటికన్నా తేలికైన రివాల్వర్ పేలితే అరచేతిని చెంపదెబ్బ కొట్టినట్టు కొట్టింది. పిడి పొట్టిదైపోయి చిటికెన వేలికి పట్టు దొరకలేదు. కాస్త బరువైనదీ, ఐదు తూటాలదీ తీసుకుంటే చేయి నిలిచింది. పైభాగం లాగే పని లేదు, ట్రిగర్ నొక్కడమే. కాని ఆ ట్రిగర్ గట్టిది. నొక్కుతుంటే గొట్టం కిందకి వాలిపోయేది. రెండు వారాలు ఇంట్లో వంటగది గోడకి ఎదురుగా నిలబడి, రూత్ అప్పిచ్చిన ఖాళీ రివాల్వర్‌తో రోజూ నొక్కి నొక్కి వేలికి అలవాటు చేసింది. మూడో క్లాసులో కాగితం మనిషి గుండె మీద ఐదూ ఒక కాఫీ సాసరంత చోటులో పడ్డాయి. రూత్ ఈల వేసింది. వసుమతికి గర్వంగా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది కూడా.

"రేపు నీ తెల్లకోటు తీసుకురా" అంది రూత్.

మర్నాడు కోటు వేసుకుని, ఖాళీ రివాల్వర్ జేబులో పెట్టుకుని, తీసి చూపించమంది. తీయబోతే వెనక పొడుచుకు వచ్చిన హ్యామర్, తూటాని కొట్టే ఇనప ముక్క, జేబు అంచుకి తగులుకుని గుడ్డ పర్రుమని చిరిగింది. హ్యామర్ లోపలే దాగి ఉండే రకం ఉందని, అదైతే దేనికీ తగులుకోదని రూత్ చెప్పింది. సరే, అదే ఖాయం అనుకుంది వసుమతి.

"ఇప్పుడు నీ కౌంటర్ చూపించు. వాడు ఎక్కడ నిలబడ్డాడు?"

వసుమతి బల్లని ఈడ్చి కౌంటర్‌లా పెట్టింది. వెనక అల్మారాలు, పక్కకి తప్పుకునే దారి లేదు. రూత్ టోపీవాడి చోట నిలబడి వేలు చాపింది. ఇద్దరి మధ్యా మూడు అడుగులు.

"తియ్యి" అంది రూత్.

వసుమతి జేబులో చేయి పెట్టగానే, "నువ్వు చచ్చిపోయావు" అంది రూత్. మళ్ళీ చేయించింది. మళ్ళీ అదే మాట. పదిసార్లూ అదే.

రూత్ బల్ల మీద కూర్చుంది. "చూడమ్మా, నేను అబద్ధం చెప్పను. పార్కింగ్‌లో కారు దాకా నడిచేటప్పుడు ఇది పనికి రావచ్చు. వాడు ముందే గన్ తీసి నీ మొహం మీద పెట్టాక, ఇలా గోడకీ బల్లకీ మధ్య ఇరుక్కున్న మనిషికి ఏ గన్నూ పనికిరాదు. అసలు అక్కడ నిన్ను ఒంటరిగా ఎవరు నిలబెట్టారు?"

అప్పుడు వచ్చింది కోపం. డిసెంబరు నుంచి రావలసిన కోపమంతా ఒక్కసారే వచ్చింది. నాలుగు వారాలుగా తను హ్యామర్ ఎటుండాలి, పిడి ఎంతుండాలి, కోటుకి ఏ జేబు కుట్టించాలి అని తల బద్దలు కొట్టుకుంటోంది. అద్దం పెట్టించవలసినవాళ్ళు, మనిషిని ఇవ్వవలసినవాళ్ళు హాయిగా ఇంట్లో నిద్రపోతున్నారు. వాళ్ళ మాత్రలకి తను సొంత డబ్బుతో, సొంత ప్రాణంతో కాపలా కాయాలి!

అయినా ఆమె ఆ రివాల్వర్ కొన్నది. ఆదివారాలు ఆగవు కదా. జూన్‌లో లైసెన్సు కార్డు వచ్చింది. దాన్ని జేబులో పెట్టుకుని వచ్చిన మొదటి రోజే డగ్‌కి చెప్పింది. అతను బొటనవేలు పైకెత్తి, "శభాష్, వాస్!" అన్నాడు.

ఆగస్టులో ఆలిస్ అనే ముసలావిడ, బీపీ మాత్రల సంగతి ఓపిగ్గా విడమరిచి చెప్పినందుకు, కౌంటర్ బయటికి వచ్చిన వసుమతిని గట్టిగా కౌగిలించుకుంది. కోటు జేబులో గట్టిగా ఏదో తగిలింది. అది తుపాకేమోనని ఆవిడ ఇంటికెళ్ళి కూతురికి చెప్పింది. కూతురు కంపెనీ పెద్ద ఆఫీసుకి ఫోన్ చేసింది. వారంలో ఉత్తరం వచ్చింది. ఉద్యోగులు షాపులోకి ఆయుధం తేవడం నిషేధం, ఇది ఆఖరి హెచ్చరిక, ఇంకోసారి దొరికితే ఉద్యోగం పోతుంది.

ఆ ఉత్తరం పట్టుకుని ఆమె డగ్ గదిలోకి వెళ్ళింది. "మీరు చెబితేనే కదా కొన్నాను!"

"నేనా? నేను ఎప్పుడూ అనలేదే." అతని మొహం మీద నవ్వు చెక్కు చెదరలేదు. "మా ఆవిడకి ఉందని చెప్పి ఉంటాను. నువ్వు అపార్థం చేసుకున్నావు, వాస్. భాష వల్ల అలా అవుతుంటుంది."

"పదిహేనేళ్ళుగా ఈ దేశంలో డాక్టర్ల కోడి గీతలు చదివి, ఒక్క ప్రాణం పోకుండా మందులిస్తున్నాను. నాకు భాష రాదా?" ఆమె గొంతు షాపు ముందు దాకా వినిపించింది. "ఇంకో సంగతి. నా పేరు వసుమతి. నాలుగక్షరాలు. ఆదివారం మీరు ఆ కౌంటర్ వెనక నిలబడతారా?"

అతను బల్ల మీది కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

ఆ శనివారం ఆమె రోజంతా ఫోన్ దగ్గరే ఉంది. ఇన్సులిన్ వాడేవాళ్ళు, గుండె జబ్బువాళ్ళు, ఆదివారం మందు అందకపోతే ఇబ్బంది పడేవాళ్ళందరికీ పేరుపేరునా ఫోన్ చేసి ఆ పూటే మందులు తీసుకెళ్ళమంది. ఎందుకో కూడా చెప్పింది, ఏదీ దాచలేదు. సాయంత్రం గోడ మీద ఫ్రేమ్‌లో ఉన్న తన ఫార్మసిస్టు లైసెన్సు దించి చంకలో పెట్టుకుంది. ఆమె లేకుండా, ఆ కాగితం లేకుండా మందుల కౌంటర్ తెరవడానికి చట్టం ఒప్పుకోదు. షట్టర్ దించి, దాని మీద కాగితం అంటించింది. "ఇక్కడ ఫార్మసిస్టుకి రెండుసార్లు గన్ చూపించారు. రెండో మనిషీ, అద్దమూ వచ్చేదాకా ఆదివారాలు మందుల కౌంటర్ మూసి ఉంటుంది. వసుమతి."

"ఉద్యోగం పోతుందేమో" అన్నాడు కృష్ణమోహన్ ఇంటి దగ్గర.

"పోనీండి. జేబులో గన్ పెట్టుకుని చేసే ఉద్యోగం ఉంటే ఎంత, పోతే ఎంత?"

ఆదివారం ఫోన్ పదకొండుసార్లు మోగింది. ఆమె ఎత్తలేదు. రేణు ఎత్తి, "మా అమ్మ బిజీ" అని పెట్టేసింది. సోమవారం షాపుకి వెళ్తే ఉద్యోగం పోలేదు గాని, ఆలిస్ చేతికర్ర పట్టుకుని డగ్ గది ముందు నిలబడి ఉంది. తన మూలంగా ఇంత జరిగిందని తెలిసి ఆవిడకి దుఃఖమొచ్చింది. దుఃఖం కోపంగా మారింది. చర్చిలో తన పక్కన కూర్చునే ఎనిమిది మందిని వెంటేసుకొచ్చింది. మా ఫార్మసిస్టుకి ఏమైనా అయితే మా మందులన్నీ ఎదుటి షాపులో కొనుక్కుంటామని చెప్పి గాని కదల్లేదు.

మూడు ఆదివారాలు కౌంటర్ మూసే ఉంది. నాలుగో ఆదివారం సాయానికి ఒక మనిషిని ఇచ్చి, అద్దం కూడా పెట్టిస్తామని రాసిచ్చాక తెరిచింది. అక్టోబరులో మందపాటి అద్దం వచ్చింది, కింద కాగితమూ మందు సీసా పట్టేటంత సందుతో. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. రివాల్వర్ ఇంట్లో తాళం వేసిన పెట్టెలో ఉండిపోయింది. నెలకోసారి రూత్ దగ్గరకు వెళ్ళి ఐదైదు కాల్చి వస్తుంది. నచ్చి చేస్తోందో, భయంతో చేస్తోందో ఆమె ఎవరికీ చెప్పలేదు.

డిసెంబరులో కంపెనీ వాళ్ళ పత్రిక వచ్చింది. మూడో పేజీలో కొత్త అద్దం ముందు చేతులు కట్టుకుని నవ్వుతూ డగ్ ఫొటో. "ఉద్యోగుల భద్రత కోసం పట్టుబట్టి సాధించిన మేనేజర్" అని కింద రాశారు. వసుమతి పేరు ఎక్కడా లేదు.

ఆ పేజీ కత్తిరించి, డాక్టర్ల తప్పులు దిద్దే ఎర్ర కలం తీసుకుంది. "మేనేజర్" అన్న మాట కొట్టేసి, పైన తన పేరు పూర్తిగా, పెద్ద అక్షరాలతో రాసింది. "పట్టుబట్టి" కింద రెండు గీతలు గీసింది. దాన్ని అద్దానికి, కస్టమర్ల కంటికి ఆనేలా అంటించింది.

డగ్ రోజుకు నాలుగుసార్లు ఆ దారినే నడిచేవాడు. చూసేవాడు. తీయమని మాత్రం అనలేదు.