కిటికీ దగ్గర బల్ల

ఎడమకాలి బూటుకు కుడికాలి సోల్ అతికించానని పెద్దకోడలు గ్రహించేసరికి బంక బిగిసిపోయింది. పొద్దుటినుంచి అది మూడో జత. సూపర్‌వైజర్ ఆ బూటును ఆమె ముందు పడేసి, చేతి గడియారం చూసుకుని, అరపూట కూలి పోయిందన్నాడు. మనుషుల మొహాలకన్నా గడియారాన్నే ఎక్కువ చూస్తాడని ఆడవాళ్లు అతనికి గడియారమనే పేరు పెట్టారు.

"మీ చెల్లెల్ని చూసి నేర్చుకో," అని కూడా అన్నాడు.

అరపూట కూలికన్నా ఆ మాటే ఎక్కువ మండింది. చెల్లెలంటే తోడికోడలు. పనిలో చేరి తొమ్మిది నెలలైనా కాలేదు, కిటికీ దగ్గర బల్ల దక్కించుకుంది. పెద్దామె పదకొండేళ్లుగా లోపలి మూలలో, బంక డబ్బాల పక్కనే కూర్చుంటోంది. ఇద్దరికీ కూలి ఒకటే, పీల్చే గాలి ఒకటి కాదు. కిటికీ బల్ల ఖాళీ అయితే నీకేనని గడియారం ఏటా చెప్పేవాడు. తీరా ఖాళీ అయ్యాక, చేతివేగం ఉన్నవాళ్లకని చిన్నామెకిచ్చాడు. అప్పటినుంచి పెద్దామెకు కడుపుమంట. చిన్నామె నవ్వితే కుళ్లు, జడ వేసుకుంటే కుళ్లు.

రోజంతా తలవంచుకుని చేసే పని కాబట్టి అందరికీ మెడలు పట్టేసేవి. సెలవిచ్చే బదులు కంపెనీ మాత్రలిచ్చేది. శనివారం శనివారం కాంపౌండర్ వారానికి సరిపడా పొట్లం కట్టిస్తాడు, రాత్రికొకటి. చిన్నామె అది మింగి పడుకుని కోడికన్నా ముందే లేచేది. పెద్దామెకు మధ్యాహ్నందాకా తల దిమ్ము, చేతుల్లో వణుకు. కాంపౌండర్ మొహం చూసి మందిస్తున్నాడని ఆమె తేల్చుకుంది. దానికి మంచిరకం, తనకు నాసిరకం. పోయిన శనివారం వంటింట్లో ఎవరూ లేనప్పుడు పొట్లాలు మార్చేసింది.

మంచిరకమూ ఆమెను అలాగే పడగొట్టింది. చిన్నామె నాసిరకం మింగి కూడా కూనిరాగం తీస్తూ లేచింది. మూడో జత పాడైన ఆ రోజున, మాత్రలో తేడా లేదని పెద్దామె ఒప్పుకోక తప్పలేదు. తేడా తనలోనే ఉంది. అప్పుడు భయమేసింది.

పెద్దాసుపత్రికి రెండుసార్లు తిరిగాక డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి, ఎప్పుడైనా కామెర్లు వచ్చాయా అని అడిగింది. రెండేళ్ల కింద వచ్చాయి. చోటు పోతుందని ఎనిమిదో రోజునే పనిలోకి వెళ్లింది.

"మింగిన మందును విరిచి బయటికి పంపేది కాలేయం. మీది దెబ్బతింది," అంది డాక్టరమ్మ. "ఇంకొకరికి తెల్లారేసరికి తగ్గిపోయే మందు మీలో మర్నాడు రాత్రికీ మిగిలే ఉంటోంది. దానిమీద ఇంకోటి వేస్తున్నారు."

పెద్దామెకు వెంటనే బోధపడింది. ప్యాకింగ్ వాళ్లు ఎప్పటికప్పుడు ఎత్తకపోతే తన ముందు బూట్లు పేరుకుపోయినట్టే. ఈ మాత్ర ఆపాలని, బంక వాసనకు దూరంగా కూర్చోబెట్టాలని డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. ఇదంతా బంకవల్లేనా అని అడిగితే, "కావచ్చు. పదకొండేళ్లు కిటికీ లేకుండానా?" అని తలవంచుకుని రాసుకుంది.

శనివారం పొద్దున పొట్లాలు పంచేచోట గడియారం ఆ చీటీ సగం చదివి మడిచేశాడు. చిన్నామెను పిలిచి, ఇదే మాత్రతో నీకు మత్తు వస్తోందా, అందరి ముందూ చెప్పమన్నాడు. రావడం లేదంటే పెద్దామెది బద్ధకమని రుజువైనట్టే. సోమవారం నుంచి ఆమెకు పని ఉండదు.

చిన్నామె తోడికోడలి దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "పొట్లాలు మార్చావని నాకు అప్పుడే తెలుసక్కా."

పెద్దామె చూపు పొట్లాలమీదికి పోయింది.

చిన్నామె సూపర్‌వైజర్ వైపు తిరిగింది. "నాకు మత్తు రాదు సార్. నేను ఆ మూలలో కూర్చోలేదుగా. నా ఒళ్లు చూపించి అక్క ఒంటికి తీర్పు చెప్పమంటే, నేను చెప్పను."

పెద్దామెకు కలగాల్సింది కృతజ్ఞత. కలిగింది అసూయే. ఆ మూల గురించి పదకొండేళ్లుగా తన నోట్లో నలిగిన మాట, ఆఖరికి అదీ దానికే దక్కిందా అనిపించింది.

గడియారం పొట్లం ఆమె ముందుకు తోసి, వేసుకుంటే పనిలోకి రమ్మన్నాడు, లేదంటే ఇంట్లో ఉండమన్నాడు.

ఆమె దాన్ని మళ్లీ అతని ముందుకే జరిపింది. "వేసుకోను. పనిలోకీ వస్తాను," అంది.

నడిచి వెళ్లి కిటికీ దగ్గర బల్లమీద కూర్చుంది. అది ఒక్కరికే సరిపోయే బల్ల. వెనకే వచ్చిన చిన్నామె సర్దుకుని అంచున కూర్చుంది. పెద్దామె మాత్రం గాలి ఎక్కువ తగిలేవైపు నుంచి అంగుళం కూడా జరగలేదు.