మొదటి వాయి

గురువారం, మధ్యాహ్నం రెండున్నర. ఆ ఉత్తరాది చలికాలంలో అప్పుడే చీకటి పడిపోయింది. పొద్దుటి నుంచి మంచు కురుస్తూనే ఉంది. గాలి ఉత్తరానికి తిరిగి, సరస్సు మీది మంచంతా ఎత్తి తెచ్చి వంటింటి గోడకేసి కొడుతోంది.

గున్‌వోర్ పాల్ట్ కోసం, అంటే మాంసం కూరి ఉడకబెట్టే ముద్దల కోసం, బంగాళాదుంపలు తొక్క తీసి తురుముతోంది. మొలకలొచ్చినవి, ముడతలు పడినవి, నేలమాళిగలో అట్టడుగున మిగిలినవి. మంచి దుంపలు వసంతం దాకా రావాలి కనక ముందు చెడిపోయేవి తినాలి. అలా ఏటా చెడిపోయేవి తింటూ ఉంటే, వసంతం వచ్చేసరికి మంచివి కూడా చెడిపోతాయి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ అనరు.

"తొక్క మరీ లావుగా తీస్తున్నావమ్మాయ్," అంది అత్తగారు హిల్మా, పొయ్యి పక్క కుర్చీలోంచి.

"కళ్లజోడు లేకుండానే కనిపిస్తోందా అత్తయ్యా?"

"కనపడక్కర్లేదు. చప్పుడు వినిపిస్తోంది."

గున్‌వోర్ పళ్లు బిగించి తురిమింది. వేలు గీసుకుపోయింది. నోట్లో పెట్టుకుని చప్పరించింది. రక్తం మాత్రం వృథా చెయ్యడం దేనికి!

పొద్దున్న తను చెప్పింది. ఈ గాలిలో అవతలి ఒడ్డున కొట్టుకి వద్దు, ఈ వారానికి మాంసం లేకుండా ఉత్త పాల్ట్ తిందాం అని. భర్త ఎవర్ట్ వింటేనా. "లోపల మాంసం లేకపోతే అది పాల్ట్ ఎలా అవుతుంది? ఉడకబెట్టిన పిండి," అన్నాడు. అని మోటారు మంచుబండి తీశాడు. వెనక సంచి పట్టుకోడానికి పదిహేడేళ్ల పెద్దకూతురు ఇల్వాని ఎక్కించుకున్నాడు. ఇంతవరకూ ఇద్దరి జాడా లేదు.

తురుము పిండడం చిన్నదాని పని. లిస్బెత్‌కి ఎనిమిదేళ్లు. గుడ్డలో తురుము వేసి, మెలితిప్పి, మీద కూర్చుంటుంది. అదంటే దానికి మహా సరదా. కిందకారిన నీళ్లలో అడుగున తేరిన గంజి పిండి కూడా పారబొయ్యరు. బట్టలకి పెడతారు.

తురుములో బార్లీ పిండి, ఉప్పు కలిపింది గున్‌వోర్. పోయిన వారం మిగిలిన ఉప్పు మాంసం ముక్కల్ని ఇంకా చిన్నవి చేసి, ఐదు ముద్దల్లోకి సరిపెట్టింది. ఎసరు మరుగుతోంది.

ఆ ఇంట్లో మొదటి వాయి పేరు పెట్టి వేస్తారు. మనిషికో ముద్ద. ఇంట్లో ఉన్నవాళ్లది పడిన కాసేపటికే పైకి లేస్తుంది. బయట ఉన్నవాళ్లది అడుగున కూర్చుంటుంది. ఆ మనిషి ఇంటి దారి పట్టగానే లేస్తుంది. అందుకని పాల్ట్ వండే రోజున ఎవరూ కిటికీలోంచి చూడరు, గిన్నెలోకి చూస్తారు. నాన్న లేవలేదంటే వెన్న బయటికి తియ్యరు. లేచాడంటే పళ్లేలు సర్దుతారు. దానికి ఒకటే కట్టుబాటు. లేవకముందు గరిటె తగలకూడదు. మామూలు వాయికయితే అడుగు గీకుతూనే ఉండాలి, లేకపోతే బార్లీ పిండి పట్టేస్తుందని ఆ చుట్టుపక్కల చంటిపిల్లకి కూడా తెలుసు. మొదటి వాయికి మాత్రం గరిటె గోడకి వేలాడాల్సిందే. హిల్మాకి వాళ్ల అత్తగారు అలాగే చెప్పింది. గున్‌వోర్‌కి హిల్మా చెప్పింది.

"బామ్మ," అంటూ ఒక ముద్ద వేసింది గున్‌వోర్. "లిస్బెత్. నేను. ఎవర్ట్. ఇల్వా."

ముందు మూడు లేచాయి. లిస్బెత్ బల్లెక్కి మోకాళ్ల మీద కూర్చుని గిన్నెలోకి చూస్తోంది.

"నాన్న లేచాడు!" అని అరిచింది కాసేపటికి. "ఇల్వా కూడా! ఇల్వా నాన్న మీద కూర్చుంది చూడమ్మా."

"వెనక కూర్చోమంటే మీద కూర్చుందా," అంది హిల్మా. ముగ్గురూ నవ్వారు. గున్‌వోర్ వెన్న తీసింది. ఎర్ర పళ్ల జాం సీసా మూత మోకాలికి కొట్టి తిప్పింది. ఈ గిన్నె పక్కన, ఈ వేడిలో, గాలి బయట ఎంత ఏడ్చినా ఫరవాలేదనిపించింది. అలా అనిపించినందుకు తర్వాత తన మీద తనకే ఒళ్లు మండింది.

"అమ్మా," అంది లిస్బెత్. "ఇల్వా మునిగిపోతోంది."

గున్‌వోర్ చూసింది. ముద్ద ఒకసారి పక్కకి ఒరిగింది. మెల్లగా కిందికి దిగి, గిన్నె అడుగున కూర్చుంది. ఎవర్ట్‌ది మాత్రం మిగతా మూడింటితో పాటు పైనే తిరుగుతోంది.

హిల్మా కర్ర కోసం తడుముకుంది, లేవలేదు. "పెద్దదానిదేనా?"

"పెద్దదానిదే."



బండి చప్పుడు వినపడింది. తలుపు తెరుచుకుంది. ఎవర్ట్ సంచితో లోపలికొచ్చాడు. ఒక్కడే.

"ఇల్వా ఏది?"

"వస్తుంది."

"ఏది అంటున్నా."

"సరస్సు మధ్య దీవి దగ్గర దిగిపోయింది. దిగుతానంది, దిగమన్నా." టోపీ తీసి మంచు దులిపాడు. "కొట్లో నలుగురి ముందు నా పరువు తీసింది, గున్‌వోర్. ఎన్నడూ లేనిది."

"ఏమంది?"

ఎవర్ట్ సంచి వైపు చూశాడు. "మనకి కుక్క లేదంది."

గున్‌వోర్‌కి అర్థం కాలేదు. సంచి లాక్కుని విప్పింది. తోలు, కొవ్వు చివర్లు, ఎముకకి పట్టుకున్న తుంపులు. ఇన్నాళ్లూ తను కడిగి, ఏరి, సన్నగా తరిగినవి. చవక రకం అని చెప్పేవాడు.

"కుక్కకని అడిగి తెస్తున్నావా?"

"ఊరికే ఇస్తారు. లేకపోతే పారేస్తారు. కొట్టతనికి తెలుసు మనకి కుక్క లేదని. అతనికి తెలుసని నాకూ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తం. 'కుక్క ఎలా ఉంది ఎవర్ట్' అంటాడు, 'బాగా తింటోంది' అంటా. అంతే. అది కాస్తా ఇవాళ దాని స్కూలు పిల్లలు పక్కనుంటే, 'మాకు కుక్క లేదు, తినేది మేమే' అని గట్టిగా అరిచింది. సరస్సు మీద నాలుగు మాటలన్నా. 'కుక్క కూడు తినడానికి ఇంటికి రాను' అంది."

"నువ్వేమన్నావ్?"

"రావద్దన్నా."

గున్‌వోర్ సంచి తీసి అతని రొమ్ముకేసి కొట్టింది. కొవ్వు ముక్కలు నేలంతా చెదిరాయి. ఆ ఇంట్లో తిండి నేలపాలు కావడం లిస్బెత్ ఎప్పుడూ చూడలేదు.

"నీ పరువు వెచ్చగా ఇంటికొచ్చింది. పిల్ల గాలిలో ఉంది. అది వస్తూ వస్తూ ఆగిపోయింది, చూడు, గిన్నెలో చూడు!"

ఎవర్ట్ చూశాడు. అతని మొహంలో రంగు పోయింది.

"బిర్గెర్‌ని పిలుచుకుని పో. పిల్ల లేకుండా ఈ గడప తొక్కావో, మనకి కుక్క లేదన్న బెంగ తీరుస్తా. గుమ్మం బయట నిన్నే కట్టేస్తా."

అతను టోపీ కూడా పెట్టుకోకుండా పరిగెత్తాడు. పక్కింటి బిర్గెర్ బండి కూడా మోగింది. రెండు దీపాలు సరస్సు వైపు దిగాయి. కిటికీ దాకా వచ్చి చూసేలోపే మంచు వాటిని మింగేసింది.

గున్‌వోర్ లేచిన ముద్దలు తీసి పళ్లెంలో పెట్టి మూత వేసింది. గిన్నెలో ఒక్కటే మిగిలింది. నీళ్లు మసకేశాయి. దాని ముందు నిలబడింది.

"మంట తగ్గించు," అంది హిల్మా. "కట్టెలు అయిపోతాయి."

"అవనీండి."

"ఆర్విద్‌ది కూడా ఇలాగే లేచి, మళ్లీ అడుగున కూర్చుంది." ఆర్విద్ ఆవిడ భర్త. వలలు తియ్యడానికి వెళ్లి, మంచు కరిగాక దొరికాడు. వాతావరణం గురించి చెప్పినట్టు చెబుతుంది ఆవిడ ఆ మాట. "నీళ్లు ఇగిరిపోయేదాకా చూశా. రావాలని ఉంటే అదే లేస్తుంది. లేకపోతే లేదు. నువ్వు కూర్చో."

ఆ "కూర్చో" అన్న మాటకి గున్‌వోర్‌కి నెత్తురు తలకెక్కింది. తిరిగి చూసింది.

"అత్తయ్యా, అడుగు గీకారా?"

"ఏంటీ?"

"మామయ్య ముద్ద. కింద గరిటె పెట్టి చూశారా? అడుగంటుకుపోయిందేమో అని?"

"పేరు పెట్టినదానికి గరిటె..."

"చూశారా, లేదా?"

  ఎన్నో వేల పాల్ట్‌లు వండిన హిల్మా చేతులు ఒళ్లో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"లేదు," అంది.

గున్‌వోర్ గోడ మీది గరిటె తీసింది.

"అమ్మా, వద్దు!" అంది లిస్బెత్.

"నువ్వూరుకో."

గరిటె అంచు అడుగుకి ఆనించి తోసింది. కదల్లేదు. అంటుకునే ఉంది. మామూలు పిండిలాగా, మామూలు బార్లీలాగా, ఏ గురువారం ఏ ముద్దయినా అంటుకున్నట్టే. ఇంత పిండిముద్దకి భయపడి, ఇంట్లో ఆడవాళ్లందరూ చేతులు కట్టుకు నిలబడ్డారు. లాగితే చిరుగుతుంది. చుట్టూ కొంచెం కొంచెంగా వదులు చేసింది. చేస్తున్నంతసేపూ తిడుతూనే ఉంది. "లేవవే. కుక్క కూడంటావా? నేను కడిగి కడిగి వండింది కుక్క కూడయిందా? లే. నాతో పోట్లాడాలంటే ఇంటికొచ్చి పోట్లాడు. నాన్నని అనాలంటే నా ముందర అను. లేవవే మొండిదానా."

ముద్ద ఊడింది. గరిటె తియ్యగానే మళ్లీ దిగింది. మళ్లీ ఎత్తింది. మళ్లీ దిగింది. మూడోసారి ఎత్తి, ఇక వదల్లేదు. నీళ్ల పైకి పట్టుకునే నిలబడింది. ఇంత ముద్ద. సంచెడు దుంపల బరువుంది. ఆవిరి మణికట్టుని కాల్చేస్తోంది. చెయ్యి మారిస్తే జారిపోతుందేమోనని మార్చలేదు.

పక్కన కర్ర చప్పుడు. హిల్మా లేచి వచ్చింది. గున్‌వోర్ మోచేతి కింద తన రెండు చేతులూ పెట్టింది.

"ఆనించు."

"కట్టెలు అయిపోతాయేమో చూసుకోండి," అంది గున్‌వోర్, పళ్ల మధ్యనుంచి.

"లిస్బెత్," అంది హిల్మా, "కొట్టంలో క్రిస్మస్‌కని దాచినవి ఉన్నాయి, మంచి బర్చ్ కట్టెలు. అన్నీ పట్టుకురా."

పొయ్యి మండింది. అత్తాకోడళ్లు అలా నిలబడ్డారు. ఒక పెళ్లికి కానీ, ఒక చావుకి కానీ అంత దగ్గరగా ఎప్పుడూ నిలబడలేదు. గున్‌వోర్ తిట్లు అయిపోయి మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టింది. తనకి గుర్తురానివి హిల్మా అందించింది. పాతకాలం తిట్లు, లిస్బెత్ ఎప్పుడూ విననివి.

చాలాసేపటికి గరిటె మీద బరువు తగ్గింది. గున్‌వోర్ నమ్మలేదు. గరిటె కొంచెం దించింది. ముద్ద దిగలేదు. ఇంకా దించింది. నీళ్ల మీద తనంతట తనే ఒక చుట్టు తిరిగింది.

"లేచింది," అంది లిస్బెత్, గుసగుసగా.

ఎవరూ వెన్న ముట్టుకోలేదు.

తలుపు తెరుచుకునేసరికి ముందు ఇల్వా వచ్చింది. కనుబొమలు, వెంట్రుకలు తెల్లగా గడ్డకట్టి ఉన్నాయి. పెదాలు కదలడం లేదు, అయినా మాట్లాడుతోంది.

"ఎవరది? ఎవరు నన్ను పొడిచింది?"

గున్‌వోర్ దాన్ని లాగి కూర్చోబెట్టి బూట్లు ఊడబీకింది. పాదాలు తన ఒళ్లో పెట్టుకుంది. మంచుగడ్డల్లా ఉన్నాయి. కాళ్ల వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూసింది. "ఇది తెలుస్తోందా? ఇది?"

"అబ్బా, నొప్పి!"

"పుట్టాలి నొప్పి. ఇంకా పుట్టాలి."

"దీవి మీది వలల గుడిసెలో కూర్చున్నా," అంది ఇల్వా. "రాకూడదనే కూర్చున్నా. కాసేపటికి చలి వెయ్యడం మానేసింది. హాయిగా నిద్ర ముంచుకొచ్చింది. అప్పుడు కింద నుంచి ఏదో పొడిచింది. లేచి నిలబడితే ఊరుకుంది. కూర్చుంటే మళ్లీ ఎత్తిపారేసింది. కూర్చోనివ్వలేదమ్మా! ఎంత తిట్టానో. కోపమొచ్చి నడిచా. ఇక్కడ మన ఒడ్డు దగ్గరికొచ్చేసరికి మంచులో దారి తప్పి తిరుగుతున్న నాన్న వాళ్లు ఎదురొచ్చారు."

"నేను కూడా తిట్టా," అంది గున్‌వోర్.

"అనుకున్నా."

హిల్మా తన కుర్చీలోకి వెళ్లి కూర్చుంది. కోడలు వదిలేసిన గరిటె ఆవిడ చేతిలో ఉంది. దాన్ని తిప్పి తిప్పి చూస్తోంది. "ఆర్విద్ బరువైన మనిషి," అంది, ఎవరితోనూ కాదు. "అయినా లేచేవాడేమో."

గున్‌వోర్ తన శాలువా తీసి ఆవిడ మోకాళ్ల మీద కప్పింది.

ఎవర్ట్ గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. చెవులు ఎర్రగా, టోపీ లేకుండా. "లోపలికి రావచ్చా?" అన్నాడు.

"నన్నడుగుతావేం? దాన్నడుగు."

అతను ఇల్వా వైపు చూశాడు.  

"తలుపెయ్యి నాన్నా," అంది ఇల్వా. "వేడంతా పోతోంది."

అతను లోపలికి అడుగుపెట్టి, తలుపు వెయ్యబోయాడు. గున్‌వోర్ చెయ్యి అడ్డం పెట్టింది.

"బిర్గెర్ ఏడి?"

"బండి మీద పట్టా కప్పుతున్నాడు. ఇంటికెళ్తానన్నాడు."

"బిర్గెర్!" అని చీకట్లోకి కేక వేసింది. "లోపలికి రా!"

"ఇల్లిక్కడేగా, వెళ్లిపోతా," అన్న గొంతు వినిపించింది.

"నిన్ను కళ్లతో చూడాలి. రా!"

ముసలాయన గొణుక్కుంటూ వచ్చాడు, మీసాల నిండా మంచుతో. అతన్ని బల్ల దగ్గరికి తోసి అప్పుడు తలుపు వేసింది. గడియ పెట్టింది. పెట్టిందో లేదో మళ్లీ తడిమి చూసింది.

మణికట్టు బొబ్బలెక్కి మండుతోంది. కోపం తగ్గలేదు. తగ్గితే ఏడుపొస్తుందని తెలుసు, తగ్గనివ్వలేదు. తలుపుకి వీపు ఆనించి నిలబడి, వెళ్లినవాళ్లని ఒక్కొక్కళ్లని చూసింది. ఎవర్ట్. బిర్గెర్. ఇల్వా. వెళ్లింది ముగ్గురు, వచ్చింది ముగ్గురు. ఇంకోసారి, ఈసారి ఇల్వాతో మొదలుపెట్టి లెక్కపెట్టింది. ముగ్గురు.