ఎడమ చెంప ఉన్న ఫోటో

మా ఆయన చేతిలో పడితే కాకి కూడా హంసై బయటికి వస్తుంది. పొగడ్తగా చెప్పడం లేదు. ముప్ఫై రెండేళ్ళుగా ఆయన తీసిన ఫోటోలను కత్తిరించి కవర్లలో పెట్టేది నేనే. ఎవరి ముఖం మీద ఎన్ని మొటిమలు మాయమయ్యాయో, ఎవరి బట్టతల మీద ఎంత జుట్టు మొలిచిందో నాకు తెలిసినంతగా ఈ వీధిలో ఇంకెవరికీ తెలియదు. వెనకటికి నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో దిద్దేవాడు. ఇప్పుడు కంప్యూటర్‌లో దిద్దుతాడు. పనిముట్టు మారింది గానీ బుద్ధి మారలేదు. మనిషి కనీసం ఫోటోలోనైనా హాయిగా ఉండాలంటాడు. వద్దని చెబితే వినడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆ బుద్ధే ఈసారి టైలరమ్మ కొంప ముంచింది.

టైలరమ్మది మా స్టూడియోకు ఎదురు కొట్టు. నన్ను వదినా అని, ఆయన్ని అన్నయ్యా అని పిలుస్తుంది. చుట్టరికం ఏమీ లేదు, రోజూ పొద్దున్నే ఎదురెదురుగా షట్టర్లు ఎత్తుతూ కలుపుకున్న వరస. ఆమె ఎడమ చెంప మీద కంటి కింద నుంచి దవడ దాకా కాలిన మచ్చ ఉంది. ఆమెకు ఆరేళ్ళప్పుడు, పదేళ్ళ అక్క వేడినీళ్ళ గిన్నె ఎత్తుకొస్తూ కాలు జారింది. నీళ్ళన్నీ ఈమె మీద పడ్డాయి. ఈమెను మూడు నెలలు ఆసుపత్రిలో ఉంచారు, అక్కను పిన్నిగారింటికి పంపేశారు. అక్క అక్కడే చదువుకుని, ఉద్యోగం వెతుక్కుంటూ దేశం దాటి, ఒక గ్రంథాలయంలో స్థిరపడింది. పెళ్ళి చేసుకోలేదు. సెలవు లేదని ఒక ఏడు, ఒంట్లో బాగాలేదని ఒక ఏడు, తిరిగి రానూ లేదు. చెల్లెలి ముఖం చూడలేకే రావడం లేదని నా అనుమానం.

టైలరమ్మ పద్దెనిమిదేళ్ళ పిల్లగా చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకుని మా స్టూడియోకు మొదటిసారి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మాకప్పుడు కొత్తగా పెళ్ళయింది. "చెయ్యి తియ్యమ్మా, నా ఫోటోలో ఆ మచ్చ ఉండదు, అది నా పూచీ" అన్నాడు మా ఆయన. రెండు రోజులు కూర్చుని దిద్దాడు. ఆ ఫోటో చూసుకుని ఆ పిల్ల ఏడ్చేసింది. దాన్ని అక్కకు పంపుతూ, మచ్చ మాసిపోయిందక్కా, నువ్వింక బెంగపెట్టుకోకు అని ఉత్తరం రాసింది. అప్పటినుంచి ఏడాదికో ఫోటో వెళ్తూనే ఉంది. ఫోన్లలో ముఖాలు చూసుకునే రోజులొచ్చాక కుడి చెంపే కనబడేలా తిరిగి కూర్చుని మాట్లాడడం నేర్చుకుంది. అబద్ధమే, కానీ అందులో ఎంత ప్రేముందో దగ్గరుండి చూసినదాన్ని, తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

ఇప్పుడు అక్కకు గుండె ఆపరేషన్. వచ్చే నెల ఇరవయ్యో తారీకున. అక్కడ ఆమెకు తోడెవరూ లేరు. టైలరమ్మ పుట్టి బుద్ధెరిగి ఈ ఊరి పొలిమేర దాటలేదు, అలాంటిది పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టింది. కళ్ళు తెరిచేసరికి తను పక్కనుండాలంది, అంతే. అక్క కోసం మెత్తటి గౌను కూడా కుట్టడం మొదలుపెట్టింది. కుడుతూ తిట్టేది. ఎంత ఎండల్లోనైనా అక్కకు మణికట్టు దాకా చేతులుండాలట, ముప్ఫై ఏళ్ళుగా కుట్టి పంపే ప్రతి బట్టకూ అదే కొలత. సూదులు గుచ్చించుకోవాల్సిన మనిషికి పొడుగు చేతులేమిటి, మొండిఘటం కాకపోతే అని నా దగ్గర సణిగేది.

మొదటిసారి పాస్‌పోర్టు ఆఫీసుకు మా ఆయన తీసిన ఫోటోతోనే వెళ్ళింది. అలవాటు చొప్పున ఆయన మచ్చ తుడిచేశాడు, అలవాటు చొప్పున నేను కత్తిరించి కవర్లో పెట్టాను, అలవాటు చొప్పున ఆమె తీసుకెళ్ళింది. ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. కిటికీ దగ్గరి ఉద్యోగిని ఫోటో చూసి, ముఖం చూసి, ఇందులో ఉన్నావిడ మీరు కాదని వెనక్కి పంపింది.

రెండోసారి మచ్చ ఉంచుతానని ఒప్పుకున్నాడు. ఉంచాడు, నీడలాగా, ఉందో లేదో తెలియనట్టు. ఈసారి ఆ ఉద్యోగిని మీ చెల్లెలా అని అడిగిందట. మళ్ళీ శుక్రవారం రమ్మంది. అదీ దాటితే పాస్‌పోర్టు, వీసా ఇరవై లోపు చేతికి రావు.

ఆ మాట విన్నాక నేను ఊరుకోలేదు. కంప్యూటర్ ముందు నుంచి ఆయన్ని లేపి, మీ దయాగుణం ఆ మనిషిని ఇక్కడే కట్టిపడేస్తోందని కడిగేశాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నేను ఆ పిల్లకి మాటిచ్చానే" అన్నాడు.

యాభై ఏళ్ళ మనిషి ఆయన దృష్టిలో ఇంకా ఆ పిల్లే. నా కోపం సగం అక్కడే దిగిపోయింది.

గురువారం మధ్యాహ్నం టైలరమ్మ వచ్చింది. జుట్టంతా వెనక్కి దువ్వి, చెవులు కనబడేలా కట్టుకుని, తెల్లగుడ్డ ముందున్న స్టూలు మీద కూర్చుంది. దీపాలు వెలగగానే ఎడమ చెయ్యి దానంతటదే చెంప మీదికి పోయింది. దించింది, మళ్ళీ పోయింది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. అందరూ చూస్తారని భయమా అని అడిగాను.

"అందరూ నన్ను రోజూ చూస్తూనే ఉన్నారు వదినా. చూడంది అక్క ఒక్కతే. ఇన్నేళ్ళు మాసిపోయిందని చెప్పి, ఇప్పుడు గుండె కోయించుకోబోయే మనిషి ముందు ఈ ముఖంతో ఎలా నిలబడను?"

  గుమ్మంలో చూసి ఉలిక్కిపడడం కన్నా ముందే తెలియడం నయమని, ఈ ఫోటోనే పంపెయ్యమని చెప్పాను.  ఆమె చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకుంది.

మా ఆయన దీపాన్ని ఎడమవైపుకు జరిపాడు. ఇన్నేళ్ళలో ఆ వైపు వెలుగు పెట్టడం అదే మొదలు. ఒక్కటే తీశాడు. ఫోటో తెర మీదికి రాగానే ఆయన చెయ్యి మౌసు మీదికి పోయింది. ఆ చేతి మీద నా చెయ్యి వేశాను. తోసెయ్యలేదు, గట్టిగా పట్టుకోలేదు, ఊరికే వేసి ఉంచాను. ఆయన తెర మీద ఆ చెంపను దగ్గరగా వంగి చూశాడు.

"బావుందే" అన్నాడు చిన్నగా. "ముఖం నిండుగా ఉంది. ఇన్నాళ్ళూ నేనే సగం తీసేశాను."

శుక్రవారం ఆ ఉద్యోగిని ఫోటో ఒకసారి, ముఖం ఒకసారి చూసి, ఇంకేమీ మాట్లాడకుండా ముద్ర వేసిందట. పది రోజుల్లో పాస్‌పోర్టు ఇంటికే వస్తుందని చెప్పింది. టైలరమ్మ తిన్నగా మా స్టూడియోకు వచ్చి కూలబడింది. సంతోషించాల్సిన మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇక తప్పించుకోవడానికి లేదని ఆమెకు తెలిసిపోయింది. ఫోన్ తీసి, ఫోటో పంపి, దాని కింద ఒకే ముక్క రాసింది: "అక్కా, మాసిపోలేదు."

ఫోన్‌ను నా కటింగ్ బల్ల మీద బోర్లా పెట్టింది. మేం ముగ్గురం దాన్ని చూడనట్టు నటిస్తూ కూర్చున్నాం. మా ఆయన తుడిచిన లెన్సే తుడిచాడు. పావుగంటకు ఫోన్ మోగింది. ఆమె నావైపు తోసి, చూడమంది.

వచ్చింది ఒక ఫోటో. ముఖం కాదు. మణికట్టు నుంచి మోచేతి దాకా ఒక చెయ్యి, తొడుక్కున్న బట్ట పొడుగు చేతిని పైకి మడిచి దీపం కింద పెట్టి తీసింది. లోపలివైపు చర్మమంతా ముడుతలు పడి, టైలరమ్మ చెంప ఉన్నట్టే ఉంది. అదే రంగు, అదే మెరుపు. కింద రాసింది నేనే పైకి చదివాను.

"గిన్నె జారినప్పుడు చెయ్యి అడ్డం పెట్టానే. సరిపోలేదు. నీకంత కాలితే నాది చూపించుకోవడానికి సిగ్గేసింది, పిన్నికి తప్ప ఎవరికీ చెప్పలేదు. నువ్వు ఈ ముఖంతోనే రా."

టైలరమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడ్చింది నేను. ఆమె లేచి రోడ్డు దాటి తన కొట్టులోకి వెళ్ళింది. కుట్టు పూర్తయి మడతపెట్టి ఉన్న ఆ గౌను తెచ్చుకుని, నా ఎదురుగా కూర్చుని, బ్లేడు ముక్కతో చేతుల కుట్లు విప్పడం మొదలుపెట్టింది.

"ఎక్కడిదాకా కత్తిరిస్తావు?" అని అడిగాను.

తన మోచేతికి రెండు వేళ్ళు పైన గీత గీసినట్టు చూపించి, "ఇక్కడికి" అంది.

నా కత్తెర ఆమె చేతికిచ్చాను.