నిమ్మరసం ఇచ్చే చేయి

రాధిక ప్రాజెక్టు మొదట సిరిసిల్ల సాంచాల మీద. మరమగ్గాల దగ్గర పనిచేసే ఆడవాళ్లను అడగడానికి ప్రశ్నలు కూడా తయారుచేసుకుంది. ఇంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చి బస్సులు ఆగిపోయాయి. బస్సులు ఆగాయి గానీ ఎం.ఏ. సోషియాలజీ ఆఖరి ఏడాది ప్రాజెక్టు గడువు ఆగలేదు. జగిత్యాలలో ఉన్న గైడు సార్ ఫోన్లోనే అంశం మార్చేశాడు.

"కోరుట్లల మీ ఇంటి ముంగటనే దీక్ష శిబిరం ఉన్నది గద, గదే చెయ్యి. ఒక్కటే షరతు. చూడాలె, రాయాలె. నడుమ వేలు పెట్టద్దు. పెడితే గది పరిశీలన గాదు, నేను సంతకం పెట్ట."

షరతు రాధికకు కష్టమనిపించలేదు. నోరు తెరవకుండా కూర్చోవడం ఆమెకు ఊరి బడి నుంచీ అలవాటే.

శిబిరంలో రోజుకొక వర్గం పొద్దున కూర్చుని సాయంత్రం లేచేది. ఒకనాడు లాయర్లు, ఒకనాడు టైలర్లు, ఒకనాడు బట్టల వ్యాపారులు. లేచే ముందు ఎవరైనా పెద్దమనిషి నిమ్మరసం ఇచ్చి దీక్ష విడిపించాలి. ఆ పెద్దమనిషి దాదాపు ఎప్పుడూ మదన్ మోహన్ రావే. పక్క ఊళ్లో ఒకప్పటి దొరల కుటుంబం, ఇప్పుడు కోరుట్లలో రైస్ మిల్లు. లాయర్లకు, వ్యాపారులకు ఆయన గ్లాసు నోటికి అందించి కెమెరా వైపు చూసేవాడు. కూలి ఆడవాళ్లు కూర్చున్న నాడు మాత్రం గ్లాసులు వాళ్ల ముందున్న బల్ల మీద పెట్టుకుంటూ పోయాడు. వాళ్లే తీసుకుని తాగారు. అందులో రాధిక తల్లి నర్సక్క కూడా ఉంది. ఎవరూ ఏమీ అనుకోలేదు. రాధిక రాసుకుంది.

అప్పటినుంచి ఆమె రావు గారు దీక్షకు కూర్చునే రోజు కోసం చూసింది. ఆ సాయంత్రం గ్లాసు ఎవరి చేతిలో ఉంటుందో, ఎలా ఇస్తారో చూస్తే తన ప్రాజెక్టుకు ఒక అర్థం వస్తుంది.

మిల్లుల వాళ్ల వంతు వచ్చింది. రసం ఇవ్వడానికి జగిత్యాల నుంచి రావలసిన నాయకుడు దారిలో రాస్తారోకోలో చిక్కుకున్నాడు. రాస్తారోకో చేస్తున్నది ఆయన మనుషులే. సొంత నాయకుడిని వదిలితే జనం ఏమనుకుంటారోనని వాళ్లు వదల్లేదు. పొద్దు గూకింది. రావు గారికి షుగరు. అయినా, "ఇంక జరసేపు ఆగుదాం," అన్నాడు.

శిబిరం చూసుకునే లస్మయ్య చుట్టూ చూశాడు. "కూసున్నోళ్లు ఒకలకొకలు ఇచ్చుకోరాదాయె. నేనన్న ఇద్దమంటె నేను గూడ ఇయ్యాల కూసుంటి. పెద్దమనిషి ఎవలన్న ఉన్నరా?"

"ఎవలో ఒకలు ఇయ్యుండ్రి, పేపర్ టైమైతుంది," అన్నాడు ఫొటోలు తీసే ముత్యం.

"మా అమ్మ ఇస్తది," అంది రాధిక.

ఆ గొంతు తనదేనని ఆమెకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

వెనక ఆడవాళ్లలో కూర్చున్న నర్సక్క బిడ్డ వైపు చూసింది. "నేనెందుకే?"

"పెద్దదానివి గద."

అంతమందిలో కాదనడం బాగుండదని నర్సక్క లేచింది. చేతులు కొంగుకు తుడుచుకుని గ్లాసు పట్టుకుని వెళ్లింది. రావు గారు మెడ ముందుకు చాచి నోరు కొద్దిగా తెరిచాడు. నర్సక్క గ్లాసును ఆయన ముందు బల్ల మీద పెట్టింది.

"నోటికి అందియ్యక్కా," అన్నాడు ముత్యం కెమెరా దించకుండా.

"దొర మాకు గిట్లనే ఇచ్చిండు. నాకు తెల్వదా పద్ధతి?" అంది నర్సక్క. "తాగుండ్రి దొరా."

ఆమె మాటలో వెటకారం లేదు. తప్పు జరగకూడదని భయపడుతూ వచ్చిన మనిషి ఆమె. రావు గారి మెడ కాసేపు అలాగే ఉండి వెనక్కి వెళ్లింది. గ్లాసు రెండు చేతులతో తీసుకుని మొత్తం తాగాడు.

"ఉప్పు జర ఎక్కువైంది లస్మయ్యా," అన్నాడు.

"ఫొటో పడలే సార్, ఇంకొకసారి," అన్నాడు ముత్యం.

"పడకుంటె మానె," అన్నాడు రావు గారు.

రాధిక ఇంటికి వెళ్లి గైడు సార్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పింది. సమ్మెలో ఆయన కూడా జగిత్యాల శిబిరంలోనే ఉన్నాడు. వెనక నినాదాలు వినిపిస్తున్నాయి.

"మీ అమ్మ పేరు చెప్పింది ఎవలు?"

"నేనే సార్."

"గా ఒక్క రోజు తీసెయ్యి. మిగిలిందానికి పాసైతవు."

"అది తీసేస్తె అండ్ల ఏమున్నది సార్?"

"ఉంచితె నేను సంతకం పెట్టనని మొదలే చెప్పిన గద."

"గుర్తున్నది సార్," అని ఫోన్ పెట్టేసింది.

ఆ రోజు పేజీలో 'నిర్వాహకుల కోరికపై' అని రాస్తే ఎవరికీ తెలియదు. ఆమె 'పరిశీలకురాలి మాట మీద, ఆమె తల్లి' అని రాసింది. సంతకానికి కాస్త చోటు వదిలింది.

నర్సక్క అన్నం పెట్టి పక్కన కూర్చుంది. "ఏం రాస్తున్నవే?"

"నీ గురించే."

"నా గురించి రాసెటందుకు ఏమున్నది?" నర్సక్క కూర గిన్నె దగ్గరికి జరిపింది. "దొరకు షుగరున్నదని రాసినవా? పాపం, పొద్దంత తినకుంట కూసున్నడు."