కింద పడ్డ క్లే

ప్లాస్టిక్ కవరు తొడిగిన వేళ్లను ఆరాధన ఆ నల్ల కారు బానెట్ మీద మెల్లగా జరిపింది. కంటికి మచ్చ లేదు. కవరు తొడిగితే సన్నటి గరుకు కూడా తెలుస్తుంది. వేళ్లకు ఉప్పురవ్వ తగిలినట్టు గరగర. పాత గిరాకీ కొండల్‌ది ఆ కారు. రోజంతా గూడ్స్ రైళ్ల నుంచి సిమెంటు దించే చోట ఎండలో ఉంటుంది. సిమెంటు దుమ్ము, పట్టాల ఇనుప రజను రంగులో పాతుకుపోయాయి. షాంపూకు అవి కదలవు. ముందు ఇనుప రజనును కరిగించే మందు కొట్టింది. ఇనుము ఉన్నచోటల్లా ఊదారంగు చారలు కారాయి. కడిగేసి, షాంపూ నీళ్లు చల్లుకుంటూ మిగిలిన రజనును పీకేసే మెత్తటి క్లే ముద్దను బరువు పెట్టకుండా జరపసాగింది.

ఆ మందుది కుళ్లిన గుడ్ల కంపు. "గా చేతులతోని వడ్డిస్తె ఎట్ల తినాలె బిడ్డా?" అని అత్త లచ్చవ్వ నిన్న కూడా కంచం పక్కకు నెట్టింది. అదే కంపు కొడుకు తిమోతి చొక్కాకు అంటితే మాత్రం "నా కొడుకు కష్టం" అని మురిసి, ఉతకమని కోడలి చేతికే ఇస్తుంది. లక్సెట్టిపేటలో కార్లు కడిగి మెరుగుపెట్టే ఈ దుకాణం పెట్టినప్పుడు ఫోన్‌లో వీడియోలు చూసి పని నేర్చుకున్నది ఆరాధన. గిరాకీతో మాట్లాడేది తిమోతి. "పెండ్లాంతోని కార్లు కడిగిస్తుండని నవ్వుతరు. ఎవలన్న వస్తే లోపలికి పో" అన్నాడు మొదట్లోనే. అప్పటినుంచి పోతూనే ఉంది. చర్చిలో ఎవరైనా పని మెచ్చుకుంటే తిమోతి తల వంచి "దేవుని దయ" అంటాడు. ఆ దయలో తన మోచేతుల నొప్పి ఎక్కడుందోనని ఆమె ఎన్నో ఆదివారాలు, పాట మధ్యలో, వెతుక్కుంది.

బానెట్ పూర్తయ్యేసరికి బయట బైకు ఆగింది. కొండల్. తిమోతి కనుసైగ చేశాడు. ఆమె వెనక గదిలోకి వెళ్లి కిటికీ దగ్గర నిలబడింది.

"ఎంతవరకు వచ్చింది తిమోతీ?" అడిగాడు కొండల్, ఫోన్ లోంచి తల ఎత్తకుండానే.

"పొద్దటిసంది గిదే పని సారూ," అంటూ తిమోతి క్లే అందుకున్నాడు. అది చెయ్యి జారి నేల మీద పడింది. తీసి ప్యాంటుకు రుద్దుకున్నాడు.

ఆరాధన కిటికీలోంచి అది చూసింది. కింద పడ్డ క్లే పారెయ్యాల్సిందే. దానికంటిన ఇసుక రంగును గీరేస్తుంది. ఇదివరకు చెబితే "నాకు నేర్పుతున్నవా?" అన్నాడు. ఇప్పుడు బయటికెళ్తే ఇంట్లో రభస. తిమోతి చెయ్యి డోర్ మీదికి వెళ్లింది.

"ఆగు! పెట్టకు!" ఆమె గడప దాటేసరికే రెండుసార్లు రుద్దాడు. నల్లరంగు మీద తెల్లటి గీతలు లేచాయి.

కొండల్ వంగి చూశాడు. "ఏందిది?"

"పొద్దుగాల ఈమె చెయ్యి పెట్టింది సారూ. చెప్తే ఇనది," అన్నాడు తిమోతి తడుముకోకుండా. "గా గీతలు తీద్దామనే రుద్దుతున్న."

"ఆడోళ్ల చేతికి బండి ఇస్తె గిట్లనే ఉంటది," అన్నాడు కొండల్.

ఇన్నాళ్లూ ఆమె పని మాత్రమే అతని పేరు మీద పోయింది. ఇవాళ అతని తప్పు ఆమె పేరు మీదికి వచ్చింది. ఆరాధన చేతి కవరు తీసి కొండల్‌కు చాపింది.

"తొడుక్కోండ్రి సారూ. బానెట్ మీద చెయ్యి పెట్టుండ్రి."

అతను పెట్టాడు. అద్దంలా జారింది.

"ఇప్పుడు డోర్ మీద."

గరగరలాడింది.

"బానెట్ నేను చేసిన. డోర్ ఇంక మొదలే పెట్టలే. క్లే కింద పడ్డది, గదే తీసి ఆయన రుద్దిండు. చూడుండ్రి, ఇసుక అంటుకొనే ఉన్నది."

కొండల్ చూపు తిమోతి చేతి మీదికి వెళ్లింది. తిమోతి పిడికిలి మూశాడు.

"లోపలికి నడువు," అన్నాడు పళ్ల మధ్య నుంచి.

ఆమె కదలలేదు.

"గీతలు పోతయా?" కొండల్ ఈసారి ఆమెనే అడిగాడు.

"పైపైనే ఉన్నయి. పాలిష్ పెడితె పోతయి. మాపటికి వచ్చి నన్నడుగుండ్రి. నా పేరు ఆరాధన."

రెండేళ్లుగా ఆ దుకాణానికి వస్తున్న కొండల్ ఆ పేరు వినడం అదే మొదటిసారి.