గుర్తు: పెద్ద నల్ల సంచీ

"ఒక్క పూట ప్రయాణానికి ఇంత సంచీ ఎందుకే? ఊరు గానీ మారిపోతున్నామా ఏంటి?" అన్నారు మావారు, పొద్దున్నే నేను ఉడికించిన గుడ్లు వలుస్తుంటే.

ఆ సంచీలో ఏముందో చెప్తాను వినండి. ఆయన మధ్యాహ్నం మాత్రలు. పేపరు చదివే కళ్ళజోడు. ఎండ కాస్తే టోపీ, చినుకు పడితే గొడుగు, చెమట పడితే మార్చుకోవడానికి ఇంకో చొక్కా. మోకాలికి రాసుకునే మందు. బయటి నీళ్ళు పడవని కాచి చల్లార్చిన నీళ్ళు రెండు సీసాలు. జేబు ఉబ్బెత్తుగా ఉంటే చొక్కా అందం చెడుతుందని ఆయన ఫోను. నావంటూ ఉన్నవి ఒక దువ్వెన, ఒక చేతిరుమాలు. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు నన్ను పక్కన కూచోబెట్టుకుని, "మావాడు నోరు తెరిచి ఏదీ అడగడమ్మా, నువ్వే కనిపెట్టుకుని ఉండాలి" అన్నారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా కనిపెట్టుకునే ఉన్నాను. ఆయన నోరు తెరవకపోవడం మాట దేవుడెరుగు, మూసుకోవడం మాత్రం నేనింతవరకు చూడలేదు.

మావారు హైస్కూల్లో జాగ్రఫీ మాస్టారు. నేను రైల్వే స్టేషన్లో, పోయిన వస్తువుల కౌంటర్లో గుమస్తాని. రైళ్ళలో జనం మర్చిపోయినవన్నీ నా దగ్గరికి చేరతాయి. అన్నిటికన్నా గొడుగులే ఎక్కువ కాబట్టి స్టేషనంతా నన్ను గొడుగులమ్మ అంటారు. పోయిన గురువారం మా పై మేడమ్ పిలిచి, పెద్ద జంక్షన్లో ఈ విభాగానికి ఇన్‌ఛార్జిగా వెళ్తావా అని అడిగారు. నా కింద ఐదుగురు పనిచేస్తారు, ఉండడానికి క్వార్టర్స్ ఇస్తారు, శని ఆదివారాలు ఇంటికి రావచ్చు. సోమవారం లోపు చెప్పమన్నారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్తే ఆయన "చూద్దాం" అన్నారు. మర్నాడు మాత్రం ఉన్నట్టుండి, "ఆదివారం కోటగోడ ఊరికి వెళ్ళొద్దామా? మధ్యయుగాల నాటి ఊరు, చుట్టూ గోడ ఇప్పటికీ చెక్కుచెదరలేదు" అన్నారు. నేను పిచ్చిదానిలా మురిసిపోయి, బీరువాలోంచి ఆవపువ్వు రంగు కొత్త బట్టలు తీసి ఇస్త్రీ చేసుకున్నాను.

రైలు కదిలి గంటయ్యాక, గుడ్డు సగం కొరికి, కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు ఆయన: "అన్నట్టు, నిన్న నీ ఫోన్లోంచి మీ మేడమ్‌కి చెప్పేశాను, నువ్వు రాలేవని. నువ్వేమో మొహమాటస్తురాలివి. కాదనలేక నలిగిపోతావని నేనే చెప్పా. అందుకే ఇవాళ కాస్త సరదాగా తిప్పుదామనుకున్నాను. దీన్లో ఉప్పు తక్కువైనట్టుందే."

నేను ఉప్పు పొట్లం తీసి ఇచ్చాను. చూశారా, చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది! నా ఉద్యోగం, నా ఫోను, నా మేడమ్, నా మొహమాటం కూడా నాదే కదా, అది కూడా ఈయనే పడ్డారేమిటి అనుకున్నాను. కౌంటర్లో కూచుంటే తాగి వచ్చినవాణ్ణి కూడా గద్దించి వరసలో నిలబెడతాను. ఇంట్లో మాత్రం నోట్లో నాలుక లేనిదాన్నని పేరు. ఆ పేరు పెట్టింది ఆయనే, నేను మాట్లాడబోయినప్పుడల్లా దాన్ని గుర్తుచేసేదీ ఆయనే. ఒళ్ళు మండిపోయింది. ఆ మంట కోపమో, ఏడుపో తేల్చుకునేలోపే ఊరొచ్చేసింది.

స్టేషన్ నుంచి ఊరి గేటు దాకా పది నిమిషాల నడక. ఆయనెప్పుడూ నాకన్నా పదడుగులు ముందు. వెనక్కి తిరగకుండానే పాఠం చెప్తూ పోతున్నారు: గోడ చుట్టుకొలత రెండున్నర కిలోమీటర్లు, ఎత్తు పది మీటర్లు, శత్రువులు ఎటునుంచి వచ్చేవారు. సంచీ పట్టీ భుజాన్ని కోసేస్తోంది. గేటు కమాను లోపల ఒక చిన్న గది ఉంది, దాని మీద 'సంచులు ఇక్కడ ఉంచవచ్చు' అని రాసి ఉంది. "ఏమండీ!" అని పిలిచాను. ఆయన శత్రువులతో ఉన్నారు. పర్సు, నా ఫోను చేతిలోనే ఉంచుకుని సంచీ అక్కడ అప్పజెప్పి బయటికొచ్చేసరికి, ఆయన వీపు ఎదురుగా ఉన్న సందులోకి తిరుగుతోంది.

మామూలుగా అయితే పరుగెత్తాలి. ఇన్నేళ్ళూ అదే పరుగు కదా: బజారులో, ఆసుపత్రిలో, పెళ్ళిళ్ళలో. ఆ రోజు కాళ్ళు కదలలేదు. గేటు పక్కన గోడ మీదికి రాతిమెట్లు కనిపించాయి. ఊరంతటికీ ఒకటే గోడ, దాని మీద ఉంటే ఎక్కడికి పోతాను అనుకుని ఎక్కేశాను.

అబ్బ, ఏం గాలి! భుజం మీద బరువు లేకపోతే మనిషి ఇంత నిటారుగా నడుస్తుందా? ఒక పక్క ఎర్ర పెంకుల కప్పులు, డాబాల మీద ఆరేసిన దుప్పట్లు, ఒక పెరట్లో మంచం మీద బోర్లా పడుకుని పుస్తకం చదువుకుంటున్న పిల్ల. ఇంకో పక్క పొలాలు, వాటి మధ్యలోంచి మేమొచ్చిన రైలు పట్టాలు. రాళ్ళు అరచేతికి వెచ్చగా తగిలాయి. ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగాను. ఒకచోట ఊరికే పావుగంట కూచున్నాను. "ఇంక పద" అనేవాళ్ళు లేరు.

సగం దూరం వెళ్ళానో లేదో, ఊళ్ళోని మైకులన్నీ ఒక్కసారి గరగరమన్నాయి. ఒక అమ్మాయి గొంతు.

"గమనించగలరు. ఒక మహిళ తప్పిపోయారు. వయసు నలభై, అరవై మధ్య. ఎత్తు మామూలు. రంగు మామూలు. బట్టలు ముదురు రంగు కావచ్చు. గుర్తు: పెద్ద నల్ల సంచీ. కనిపిస్తే గేటు దగ్గరున్న సమాచార గదిలో చెప్పగలరు."

అయ్యో పాపం, ఎవరో ఏమిటో అనుకున్నాను. నిజంగా. వృత్తి అలాంటిది కదా, గోడ మీంచి వంగి సందులన్నీ కళ్ళతో గాలించాను కూడా. పైగా చిరాకొచ్చింది. ఇవేం గుర్తులండీ, ఇలా చెప్తే ఎవరు దొరుకుతారు? నా కౌంటర్‌కి ఒక పెద్దాయన ఒంటి చేతితొడుగు కోసం వచ్చాడు. బొటనవేలి దగ్గర ఎర్ర దారంతో రఫ్ఫు చేసి ఉంటుంది, తడిస్తే ఉన్ని వాసన వేస్తుంది, లోపల గోధుమ రంగు మరక ఒకటుంది అని కళ్ళు మూసుకుని చెప్పాడు. వస్తువుతో బతికినవాడు అలా చెప్తాడు. ఈ మహాతల్లి మొగుడెవరో గానీ, సంచీ తప్ప ఇంకేం చూళ్ళేదే అని నవ్వుకోబోయాను.

పెద్ద నల్ల సంచీ.

అక్కడే కూలబడి ఏడ్చాను, దాచడమెందుకు. నా ఎత్తు మామూలా? పెళ్ళిచూపుల్లో ఆయన కన్నా పొడుగని మా అత్తగారు నన్ను చెప్పుల్లేకుండా నిలబెట్టారు! ఈ ఆవపువ్వు రంగు ముదురెప్పుడైంది? నలభై, అరవై మధ్యట. ఆ మధ్యలో ఇరవై ఏళ్ళు ఎవరింట్లో ఉన్నాను నేను? పాపం నా ఫోన్ నంబరు కూడా చెప్పలేకపోయారన్నమాట. అది ఆయన ఫోన్లో ఉంది, ఆ ఫోను సంచీలో ఉంది, ఆ సంచీ గేటు దగ్గరుంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆయన సంచీకి నాలుగు గజాల దూరంలో కూచుని నన్ను వెతికిస్తున్నారు. ఏడుస్తూనే నవ్వొచ్చింది. ముక్కు చీదుకుని మేడమ్‌కి ఫోన్ చేశాను.

"జంక్షన్ ఉద్యోగం మాట..." అన్నాను.

"మీ ఆయన వద్దన్నారుగా?"

"అడిగింది నన్ను కదండీ. నేను వస్తాను. ఒకటో తారీఖున చేరతాను."

అవతల మేడమ్ చిన్నగా నవ్వారు. "నీ నోటితో నువ్వు చెప్తే గానీ రాసుకోకూడదని ఆగానే. ఇప్పుడు రాస్తున్నా."

ఇంతేనా? ఇన్నేళ్ళూ నేను కొండ అనుకున్నది ఈ రెండు ముక్కలా! లేచి గోడంతా చుట్టాను. మైకు ఇంకో రెండుసార్లు అరిచింది. మూడోసారి "చేతికి గడియారం ఉండవచ్చు" అని కలిపారు. నేను గడియారం పెట్టుకోను. మిగతా గోడని రాణీగారిలా నడిచి, మొదలెట్టిన మెట్ల మీదే దిగాను.

సమాచార గదిలో ఆయన గ్లాసు పట్టుకుని కూచుని ఉన్నారు, మొహం వాడిపోయి. నన్ను చూడగానే లేచారు.

"ఎక్కడికి పోయావే? ఊరంతా తిరిగి తల ప్రాణం తోకకొచ్చింది! తిరిగి ఈ గేటు కనుక్కోడానికే గంట పట్టింది. సంచీ ఏది? మాత్రల టైమైపోయింది!"

"పక్క గదిలో ఉంది. తెచ్చుకోండి."

మైకు దగ్గరి అమ్మాయి పెద్ద రిజిస్టరు తెరిచి ఆయన వైపు తిప్పింది. "మీ మనిషి దొరికినట్టు సంతకం చెయ్యండి అంకుల్."

ఆయన కలం అందుకోబోతుంటే రిజిస్టరు మీద చెయ్యి వేశాను.

"ఒక్క క్షణం ఉండమ్మా. నాదీ ఈ పనే. గుర్తులు సరిగ్గా చెప్పలేనివాళ్ళకి మేం గొడుగు కూడా ఇవ్వం. అయినా ఇక్కడ ఎంట్రీయే తప్పు. దారి తెలిసింది నాకు, తెలియంది ఈయనకి."

"జనంలో ఏంటే ఇది?" అన్నారు ఆయన, గొంతు తగ్గించి.

'ఒక మహిళ' అని ఉన్నది కొట్టేసి, పైన ఆయన పేరు రాశాను. గుర్తుల గడిలో కలం ఎత్తకుండా రాసుకుంటూ పోయాను. ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు, అడిగితే తొమ్మిదంటారు. బూడిద రంగు చొక్కా, రెండో గుండీ వేరే దారంతో కుట్టి ఉంటుంది. కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడే నొప్పి, ఎక్కేటప్పుడు కాదు. అబద్ధం చెప్పే ముందు గొంతు సవరించుకుంటారు. నిద్రలో పిల్లల హాజరు పిలుస్తారు. ఎడమ చెవి వెనక కందిగింజంత పుట్టుమచ్చ, ఆ సంగతి ఆయనకి తెలియదు. గడి చాలక పక్క గడిలోకి వెళ్ళాను.

కళ్ళజోడు లేక ఆయన రిజిస్టరు దూరంగా పట్టుకుని చదివారు. చదువుతూ చదువుతూ చెవి వెనక వేలితో తడుముకున్నారు. నోరు తెరిచి, మూశారు. మొదటిసారి చూశాను ఆ మూత.

అమ్మాయి నవ్వు ఆపుకుంటూ రిజిస్టరు తీసుకుని నా వైపు తిప్పింది. "అయితే మీరే పెట్టండి మేడమ్ ఇక్కడ, అప్పగించుకున్నట్టు సంతకం."

కలానికి మూత పెట్టి తిరిగి ఇచ్చేశాను.

"ఇరవై ఎనిమిదేళ్ళు రోజూ నేనే పెట్టానమ్మా. ఒకటో తారీఖు నుంచి జంక్షన్లో డ్యూటీ, ఇంక నాకు కుదరదు. ఈయన్ని ఈయనకే అప్పగించు."